విందు ఫొటో పక్కన ఖర్చు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆకలితో ఉన్నవాళ్ల కోసం విరాళాలు పోగుచేయడానికి సామూహిక భోజనాలు పెట్టారని పేపర్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. ఫొటోలో బంతి నిండా జనం, మైకు పట్టుకుని ఒకరు, కింద ఎంత వసూలైందో ఒక అంకె. ఆ భోజనానికే ఎంతైందో మాత్రం ఎక్కడా ఉండదు. నేనూ ఒకసారి అలాంటి అంకె చదివి చప్పట్లు కొట్టించుకున్నవాణ్నే, అందుకే ఈ ఉత్తరం.

మొదటిసారి పది మందిమి కలిసి పెట్టాం. టికెట్ కొన్నవాళ్లకి తృప్తిగా పెట్టకపోతే మాటొస్తుందని ఒకటే టెన్షన్, దాంతో ఒక రకం అనుకున్నది నాలుగు రకాలైంది, వస్తామన్నవాళ్లలో పావు వంతు మంది రాలేదు, హాలుకి, వంటవాళ్లకి, సామాన్లకి, లైట్లకి ఇచ్చేసరికి వసూలైనదాంట్లో మూడొంతులు అక్కడే హరించుకుపోయింది. రాత్రి పదకొండింటికి గిన్నెలు తోమడానికి వచ్చినావిడ అడుగున మిగిలింది గరిటెతో గీకుతూ, "ఇదంతా ఎక్కడ పొయ్యమంటారండీ?" అంది. పది మందిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఎవరికైనా పంపిద్దామని ఒకరన్నారు గానీ అప్పటికే వండి ఆరేడు గంటలైంది. వండినదాన్ని పొయ్యి మీంచి దించేసి రెండు గంటలకు మించి మామూలు గది వేడిలో ఉంచొద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీలు దాటిన వేడి మీదే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం ముట్టుకోనిది ఇంకొకరికి పెట్టడానికి మనసొప్పక పారబోశాం. 2024లో దాదాపు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా, 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని అదే ఐక్యరాజ్యసమితి లెక్క. ఈ రెండు అంకెలతో మేమే పెద్ద బ్యానర్ కట్టాం. దాని కిందే మా డ్రమ్ము నిండింది.

రెండోసారి పెట్టేముందు మిగతావాళ్లు ఎలా చేస్తున్నారో చూశాం. 1990లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక ఆర్ట్ టీచరు పిల్లలతో మట్టి గిన్నెలు చేయించి, అందులో సూప్, పక్కన బ్రెడ్ మాత్రం పెట్టి, ఆ ఖాళీ గిన్నెను తిన్నవాళ్లకే ఇచ్చి పంపారట. పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ అనే సంస్థ వాళ్ల పద్ధతి ఇంకోటి: చీటీ తీయాలి, ఏ చీటీ వస్తే అంతే తిండి. కొద్దిమందికి నిండు భోజనం, సగం మందికి పిడికెడు. మేం ఈ రెండోది పట్టుకున్నాం.

"డబ్బు కట్టాను, నాకిదేంటి?" అని ఒకాయన గొడవపడి వెళ్లిపోయారు, అది ఊహించిందే. ఊహించనిది, నిండు భోజనం చీటీ వచ్చిన ఒక పెద్దమనిషి ప్లేటు పట్టుకుని మెల్లగా గోడ వైపు తిరిగి కూర్చుని, ఎవరికీ కనపడకుండా గబగబా తినేశారు. బ్యానర్ చెప్పలేనిది ఆయన వీపు చెప్పింది.

కానీ ఆరోజు ఒక తప్పు జరిగింది, అది మాదే. టికెట్ కొనలేనివాళ్లు కొందరిని ఉచితంగా పిలిచి, వాళ్ల చేత కూడా చీటీ తీయించాం. నిజంగా ఆకలితో వచ్చినామెకి పిడికెడు చీటీ వచ్చింది. ఆలస్యంగా గమనించి లోపలికి పిలిచి కడుపు నిండా పెట్టాంలెండి, అయినా కడుపు నిండినవాళ్ల ఆటలోకి ఆమెని లాగకుండా ఉండాల్సింది. ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే: పిలిచి పెట్టేవాళ్లకి ముందే, విడిగా, నిండుగా పెట్టండి, వాళ్ల ఫొటోలు తీయకండి.

రెండోసారి వంద వసూలైతే వంటకి ఇరవై దాటలేదు. ఒకే రకం, వడ్డన మాదే, టికెట్ తీసుకున్నవాళ్లకి రెండు రోజుల ముందు ఫోన్ చేసి వస్తున్నారో లేదో కనుక్కున్నాం. మిగిలిన డబ్బు ఆకలితో ఉన్నవాళ్లకి వండిపెట్టే ఏ వంటశాలకి వెళ్తుందో టికెట్ మీదే అచ్చు వేశాం. సరుకులు కొనివ్వకుండా నగదే ఇచ్చాం, వాళ్లయితే టోకున కొనుక్కుంటారు, ఏది తక్కువైందో వాళ్లకే తెలుస్తుంది.

ఇక మీకు నా విన్నపం. ఇలాంటి భోజనాల వార్త ఎవరు పంపినా వసూలైనదెంతో, భోజనానికి అయినదెంతో రెండూ అడగండి. రెండో అంకె ఇవ్వనివాళ్ల ఫొటో వేయకపోయినా పాఠకులెవరూ ఏమీ అనుకోరు.

- ఒక పాఠకుడు