ఫ్రంట్ లోడ్ కొనేముందు ఒకసారి డాబా ఎక్కు

అమలాపురం

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం అందింది. ఆషాఢం తగ్గింపుల్లో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ తీసుకుందామనుకుంటున్నాను, కొనమంటావా వద్దంటావా ఒక్క మాటలో చెప్పు అన్నావు. ఒక్క మాటలో తేలే సంగతి కాదురా ఇది. మిషన్ మంచిదే, దాని పనితనం మీద నాకే అనుమానమూ లేదు. మీ ఇంటికి అది పొసుగుతుందా అన్నదే చూసుకోవాలి. షాపుకెళ్ళి రంగులూ బొత్తాలూ చూసేముందు డాబా ఎక్కి ట్యాంకు చూడు, బోరు నీళ్ళు చూడు, గోడకున్న ప్లగ్గు చూడు. అవి సరిగ్గా ఉంటే నిశ్చింతగా కొనుక్కో. లేకపోతే ముందు వాటి మీద నాలుగు డబ్బులు పెట్టు, మిషన్ దసరాకి తెచ్చుకోవచ్చు.

టాప్ లోడ్‌లో బట్టలు నీళ్ళల్లో మునిగి గిరగిరా తిరుగుతాయి. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము అడ్డంగా ఉంటుంది, అడుగున కొద్దిగానే నీళ్ళుంటాయి. లోపలి గట్లు బట్టల్ని పైకెత్తి కింద పడేస్తుంటాయి, రేవులో బండకేసి కొట్టినట్టు. అందుకే 7 కిలోల మిషన్ ఒక వాయికి సుమారు 50 నుంచి 70 లీటర్లతో సరిపెడుతుంది. అంతే సైజు టాప్ లోడ్‌కి 100 లీటర్లు దాటిపోతాయి. బట్ట కూడా అంతగా నలగదు. కాకపోతే నిదానం ఎక్కువ. కాటన్ ప్రోగ్రాం పెడితే గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది. మధ్యలో మర్చిపోయిన జాకెట్టో తువ్వాలో వెయ్యాలంటే చాలా మోడళ్ళలో కుదరదు. అమ్మకి ఈ సంగతి ముందే చెప్పు.

ఇక ట్యాంకు. మనవైపు ఎక్కువ ఇళ్ళల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. నీళ్ళు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వుకి కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలని చాలా కంపెనీలు మాన్యువల్లో రాస్తాయి, కొన్ని అంతకన్నా ఎక్కువే అడుగుతాయి. 10 మీటర్ల ఎత్తు నీళ్ళకి సుమారు 1 బార్ వస్తుంది. కాబట్టి 0.3 బార్ రావాలంటే ట్యాంకు అడుగు నుంచి మిషన్ కుళాయి దాకా 3 మీటర్లు, అంటే దాదాపు 10 అడుగులు ఉండాలి. ఇప్పుడు మీ ఇల్లు లెక్కెయ్యి. నేల నుంచి శ్లాబు పై దాకా పదిన్నర అడుగులు, కుళాయి నేలకి 3 అడుగుల ఎత్తులో. ట్యాంకు నేరుగా శ్లాబు మీద కూర్చుంటే మిగిలింది ఏడున్నర అడుగులే. చాలదు. ట్యాంకు కింద 3, 4 అడుగుల దిమ్మ కట్టించాలి, లేదా ట్యాంకు నుంచి దిగే గొట్టానికి చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి. మేడ మీద వాటాలో మిషన్ పెట్టి ఆ పైనే ట్యాంకు ఉన్నవాళ్ళకైతే పంపు లేకుండా పని జరగదు. గొట్టంలో మలుపులు ఎక్కువైనా, లోపల పాచి పట్టినా ఒత్తిడి ఇంకా పడిపోతుంది. ఒత్తిడి చాలకపోతే ఏమవుతుందంటే, మిషన్ కాసేపు నీళ్ళ కోసం చూసి, ఎర్రర్ చూపించి కూతపెట్టి ఆగిపోతుంది. మిషన్ పాడైందని జనం మెకానిక్‌ని పిలుస్తారు, అతనొచ్చి చూస్తే దానికేం ఉండదు.

పరీక్ష తేలికే. మిషన్ పెట్టబోయే చోట కుళాయి పూర్తిగా తిప్పి బకెట్టు పట్టు. నిమిషానికి 8 లీటర్లు వస్తే దిగుల్లేదు. అందులో సగమే వస్తుంటే పంపు సంగతి ఆలోచించు. హోసు బిగించే మర 3/4 అంగుళం, మామూలు బకెట్టు కుళాయికి పట్టదు. వాషింగ్ మిషన్ కుళాయి అని అడిగి ముందే బిగించి పెట్టుకో.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. మన గోదావరి డెల్టాలో నీళ్ళు ఊరూరికీ మారిపోతాయి, ఒక్కోచోట వీధి దాటితే చాలు. ధవళేశ్వరం నుంచి దిగే కాలువ నీళ్ళకి సబ్బు బాగా నురగొస్తుంది. కానీ ఇప్పుడు ఎర్రనీళ్ళ కాలం. ఆ ఒండ్రు ఇన్‌లెట్ హోసు చివరనున్న చిన్న జల్లెడలో పేరుకుని దారి మూసేస్తుంది. తెల్ల పంచెలకి మట్టిరంగు కూడా అంటుతుంది. పంచాయతీ కుళాయికి కాలువ నీళ్ళొస్తుంటే కింది తొట్టిలో పట్టి, పటిక తిప్పి, ఒక రాత్రి తేరనిచ్చి, పైనున్న తేట నీళ్ళే ట్యాంకుకెక్కించు. మిషన్ కుళాయికి ముందు మట్టి పట్టే ఫిల్టరు ఒకటి పెట్టు, దాని కార్ట్రిడ్జి మురికి పట్టినప్పుడల్లా మార్చాలి. లేకపోతే ఒత్తిడి మళ్ళీ పడిపోతుంది.

వేసవిలో కాలువలు కట్టేస్తే అందరూ బోరు మీదే ఆధారపడతారు కదా. బోరు నీళ్ళలో చూడాల్సినవి వేరు. ఇనుము ఉన్న నీళ్ళు పంపులోంచి వచ్చేటప్పుడు తేటగానే ఉంటాయి, గాలి తగిలాక పసుపు తిరుగుతాయి. తెల్ల ప్లాస్టిక్ బకెట్టు నిండా పట్టి తెల్లారేదాకా ఉంచి చూడు. అడుగున తుప్పురంగు మడ్డి దిగితే ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్ళతో ఉతికితే తెల్లబట్టలు నెమ్మదిగా గోధుమరంగుకి వస్తాయి. తెల్లబడాలని బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది, క్లోరిన్ తగిలి ఇనుము బట్టలోనే తుప్పై కూర్చుంటుంది. అంత ఇనుమున్న నీళ్ళని ఐరన్ రిమూవల్ ఫిల్టరు లేకుండా ఏ మిషన్‌కీ ఎక్కించకూడదు. ఇక సబ్బు నురగ రాని కఠినమైన నీళ్ళు. తాగే నీళ్ళ కఠినత లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశ ప్రమాణం, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఆ 600 దగ్గరున్న నీళ్ళని మిషన్ లోపలి హీటరు కాగబెడితే దాని కడ్డీ మీద సున్నపు పెచ్చు కట్టి, కడ్డీలోని వేడి నీళ్ళకి అందక అది మాడిపోతుంది. నిమ్మ ఉప్పు 100 గ్రాములు ఖాళీ డ్రమ్ములో వేసి 60 డిగ్రీల ప్రోగ్రాం తిప్పితే పెచ్చు కరుగుతుంది. రెండు మూడు నెలలకోసారి చాలు. బ్లీచింగ్‌తో కలిపి మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు, విషవాయువు పుడుతుంది. అంతర్వేది, ఓడలరేవు దిక్కున బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళకి ఫ్రంట్ లోడ్ కొనమని నేను చెప్పను. ఉప్పు హీటరునీ, డ్రమ్ముని వెనక నుంచి పట్టి ఉంచే అల్యూమినియం స్పైడర్‌నీ తినేస్తుంది. దానికి మందు లేదు.

వేడినీళ్ళ ప్రోగ్రాముల గురించి కరెంటు బిల్లు భయం పెట్టుకున్నావు. మన ట్యాంకు నీళ్ళు మామూలుగానే 28, 30 డిగ్రీలుంటాయి, మే నెల మధ్యాహ్నం 40కి దగ్గరపడతాయి. 15 లీటర్లని 30 నుంచి 40కి తేవడానికి పావు యూనిట్ కూడా పట్టదు. 60 డిగ్రీలకి తేవాలంటే నీళ్ళకే అర యూనిట్ దాటుతుంది, డ్రమ్మూ బట్టలూ వేడెక్కడం అదనం. కాబట్టి రోజువారీ బట్టలకి చన్నీళ్ళు, దుప్పట్లకీ తువ్వాళ్ళకీ 40, జబ్బుపడ్డవాళ్ళ బట్టలకి 60. చలిదేశాల వాళ్ళకి హీటరు రోజూ అక్కరకొస్తుంది, మనకి వారానికోసారి.

నువ్వు అడగనిది ఒకటి చెప్తాను. పొలం బట్టలు. ఊడ్పుల్లో మట్టికొట్టుకున్న లుంగీలు నేరుగా ఫ్రంట్ లోడ్‌లో వెయ్యకూడదు. నీళ్ళు తక్కువ కాబట్టి మట్టి కొట్టుకుపోయే దారి లేక మిగతా బట్టలకే మళ్ళీ పడుతుంది, మురికినీళ్ళు బయటికి తోసే డ్రెయిన్ పంపులో ఒండ్రు చేరుతుంది. ముందు గట్టు మీద జాడించి మట్టి వదిలించాకే లోపలికి. కొబ్బరి ఒలిచినప్పటి బట్టలైతే బాగా దులపాలి. పీచు పంపు రెక్కకి చుట్టుకుని నీళ్ళు దిగకుండా చేస్తుంది. అరటి కర మాత్రం ఏ మిషన్‌లోనూ పోదు, తోట బట్టలు వేరే పెట్టుకోవాల్సిందే. ఈ లెక్కన మీ పాత సెమీ ఆటోమేటిక్ మిషన్‌ని మారకానికి ఇచ్చెయ్యొద్దు. వాళ్ళిచ్చే వెయ్యో రెండువేలో చూసుకోకు. పొలం బట్టలకీ, గోనె పట్టాలకీ అది పెరట్లో ఉండనీ.

కరెంటు విషయం చిన్నదే గాని తప్పకూడదు. హీటరు సుమారు 2000 వాట్లు, అంటే 9 యాంపియర్ల దాకా లాగుతుంది. చిన్న 6 యాంపియర్ల ప్లగ్గు కరిగిపోతుంది. 16 యాంపియర్లది విడి వైరుతో కావాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. ఎర్తు సరిగ్గా లేకపోతే తడినేల మీద నిలబడి మిషన్ ముట్టుకున్నప్పుడు జిల్లుమంటుంది. ఎలక్ట్రీషియన్‌కి ఎర్తు గొయ్యి చూపించి, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు, అదే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, వేయించు. ఉరుములప్పుడు ప్లగ్గు తీసెయ్యాలి, మిషన్ లోపలి సర్క్యూట్ బోర్డు కాలితే ఖర్చెక్కువ. కరెంటు పోయినంత మాత్రాన కంగారుపడక్కర్లేదు, వచ్చాక చాలా మిషన్లు ఆగినచోట నుంచే మొదలెడతాయి. లోపల నీళ్ళుండగా తలుపు లాగకండి. కింద మూలనున్న మూత తీస్తే చాలా మోడళ్ళలో సన్నగొట్టం ఉంటుంది, ముందు దానితో నీళ్ళు పళ్ళెంలోకి దింపాలి.

ఎక్కడ పెడతావన్నది కూడా ఆలోచించు. వెడల్పు 60, ఎత్తు 85 సెంటీమీటర్లు, బరువు 60, 70 కిలోలు. చక్రాల స్టాండు వద్దు, స్పిన్‌లో ఊగి నడిచిపోతుంది. పెరటి వసారాలో చూరు నీళ్ళు పడని చోట ఆరంగుళాల సిమెంటు దిమ్మ కట్టించి, మట్టం చూసి దాని మీద పెట్టు. వాన నీళ్ళు నిలిచినా తడవదు, అమ్మ ఎక్కువ వంగక్కర్లేదు. పందికొక్కులు వైర్లు కొరికేస్తాయి కాబట్టి అడుగు మూసి ఉన్న మోడల్ తీసుకో, లేదా జాలీ కట్టించు. డ్రెయిన్ గొట్టం చివర నేలమీద పడెయ్యకూడదు. 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో వంపు తిప్పి గోడకి కట్టాలి. కింద పడేస్తే లోపలికొచ్చే నీళ్ళు వచ్చినట్టే బయటికి జారిపోతుంటాయి, మిషన్ ఎంతసేపైనా నిండదు.

సైజు 8 కిలోలు తీసుకో. ఆ లెక్క పొడిబట్టలది, అదీ కాటన్ ప్రోగ్రాంలోనే. డ్రమ్ములో పైన జానెడు ఖాళీ ఉండాలి. ఒక్క బొంతే వేస్తే ఒకపక్కకి చేరి స్పిన్ పట్టదు, రెండు తువ్వాళ్ళు తోడు వెయ్యాలి. బట్టలు పిండే స్పిన్ నిమిషానికి 1200 చుట్లు చాలు. 1400 కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు, బట్టలు ముడతలు పడతాయంతే. టాప్ లోడ్‌లో 700 దగ్గర ఆగుతుంది కదా, ఆ తేడా శ్రావణం ముసురులో తెలుస్తుంది. రాత్రి ఫ్యాను కింద వేస్తే పొద్దున్నకి లుంగీ ఆరిపోతుంది.

సబ్బు ఫ్రంట్ లోడ్‌ది అని రాసి ఉన్నదే వాడాలి. మామూలు పౌడరు నురగ బట్టలు పడే దెబ్బని మెత్తబరిచేస్తుంది, సగం మురికి అలాగే ఉంటుంది. సగం డ్రమ్ముకి లిక్విడ్ 30, 40 మిల్లీలీటర్లు చాలు. తలుపు దగ్గరి రబ్బరు మడతలో నీళ్ళూ, పిన్నీసులూ, జాకెట్టు హుక్కులూ చేరతాయి. ఉతికాక పొడిగుడ్డతో మడత తిప్పి తుడిచి, తలుపు ఓరగా తెరిచి ఉంచాలి. మన తేమకి మూసేస్తే నల్లబూజు పట్టి బట్టలకే కంపు అంటుతుంది. నెలకోసారి కింది ఫిల్టరు విప్పి కడగాలి. ఈ చాకిరీ ఎవరు చేస్తారో ఇంట్లో ముందే అనుకోండి. చెల్లెమ్మ ఆఫీసుకీ నువ్వు చెరువుల మీదకీ పోతే అమ్మ మీదే పడుతుంది. ఎవరివల్లా కాదంటే టాప్ లోడే నయం, అందులో నాకు మొహమాటం లేదు.

షాపులో "మోటారుకి పదేళ్ళు" అని గ్యారంటీ చెప్తారు. మోటారు అంత తేలిగ్గా పోదురా. పోయేవి డ్రెయిన్ పంపు, తలుపు లాకు, రబ్బరు, బోర్డు, బేరింగు. వాటికి ఎన్నేళ్ళో కాగితం మీద చూపించమను. చాలా మోడళ్ళలో బయటి తొట్టి అతికేసి వస్తుంది. బేరింగు పోతే తొట్టి మొత్తం మార్చాలి, ఆ ఖర్చుకి సెమీ మిషన్ వచ్చేస్తుంది. విప్పి బిగించే తొట్టో కాదో అడుగు. కంపెనీ మెకానిక్ మీ లంకకి ఏరు దాటించే పంటెక్కి వస్తాడా, ఎన్నాళ్ళకి వస్తాడు, ఆ సంగతి షాపువాణ్ణి కాదు, మీ చుట్టుపక్కల అదే కంపెనీది వాడుతున్నవాళ్ళని అడుగు.

మిషన్ వచ్చిన రోజు వెనకవైపు మూడో నాలుగో ట్రాన్సిట్ బోల్టులు ఉంటాయి, దారిలో డ్రమ్ము కదలకుండా బిగించినవి. బిగించడానికొచ్చినవాడు అవి తీసేశాడో లేదో నీ కళ్ళతో చూసుకో. తియ్యకుండా తిప్పితే స్పిన్‌లో మిషన్ దడదడలాడి లోపలి భాగాలు దెబ్బతినొచ్చు. తీసిన బోల్టులు పారెయ్యకు, రేపు ఇల్లు మారితే మళ్ళీ బిగించాలి. మొదటి వాయి బట్టల్లేకుండా తిప్పించి, దిమ్మ మీద కదలకుండా ఉందో లేదో చూశాకే సంతకం పెట్టు.

ట్యాంకు ఎత్తూ, బకెట్టు లెక్కా, తెల్లారాక బకెట్టు అడుగు రంగూ రాసి పంపు. అవి చూస్తే పంపు కావాలో ఫిల్టరు కావాలో చెప్పేస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు