వార్షిక నివేదిక: హ్యాపిస్‌బర్గ్ తీరం దాకా

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వంటల దగ్గర చెయ్యేసిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో పెడతాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు హ్యాపిస్‌బర్గ్ యాత్రకే ఇస్తున్నాను. ఇంగ్లండ్‌లో మనం కాపురాలు పెట్టుకున్న ఈ నార్ఫోక్‌లోనే లక్షల ఏళ్ళ నాటి మనుషుల జాడ ఉందని మనలో చాలామందికి తెలియదు.

హ్యాపిస్‌బర్గ్ చిన్న ఊరు. ఎర్ర, తెల్ల పట్టీల లైట్‌హౌస్ 1790 నాటిది. ఊరి అంచున ఉన్నదంతా మెత్తటి మట్టిగట్టు, గట్టి తుఫాను వస్తే విరిగి సముద్రంలో పడుతుంది. 1950ల చివర్లో కట్టిన చెక్క అడ్డుకట్టలు శిథిలమయ్యాక కోత ఎక్కువై, బీచ్ రోడ్డులో ఇళ్ళే పోయాయి. గట్టు అడుగున దాగిన పాత బురద పొరలు బయటపడేది కూడా ఆ కోత వల్లే. అలాగని అక్కడివాళ్ళ నష్టాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

2000లో ఆ బీచ్‌లో నడుస్తున్న స్థానికుడొకరికి బురదలో నల్ల చెకుముకిరాతి చేతిగొడ్డలి దొరికింది. అక్కణ్ణుంచి తవ్వకాలు మొదలయ్యాయి. 8 లక్షల ఏళ్ళు దాటిన రాతి పనిముట్లు దొరికాయని 2010లో ప్రకటించారు. 2013 మేలో అలలకు ఇసుక కొట్టుకుపోయి, గట్టిపడిన బురద మీద పాదముద్రలు కనిపించాయి. వయసు 8.5 నుంచి 9.5 లక్షల ఏళ్ళు. ఆఫ్రికా బయట అంత పాతవి అప్పటికి ఎక్కడా దొరకలేదు. గుంటల్లో వాననీళ్ళు నిండుతుంటే తోడిపోస్తూ ఫొటోలు తీశారు. రెండు వారాల్లో సముద్రం వాటిని తుడిచేసింది. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే కనీసం అయిదుగురు, పెద్దలూ పిల్లలూ కలిసి నడిచారని తేల్చగలగడం నా దృష్టిలో చాలా గొప్ప పని.

యాత్రకు ఆ ముద్రల్లో తేలినట్టే 14 సెంటీమీటర్ల నుంచి 26 సెంటీమీటర్ల దాకా పాదాల కొలతలు కాగితం మీద గీసి తీసుకెళ్ళాం. పిల్లలు చెప్పులు విడిచి ఒక్కో కొలతలో కాలు పెట్టి చూసుకున్నారు. చిన్న పాదం సరిగ్గా సరిపోయిన పాప ఎంతసేపటికీ కాలు తియ్యలేదు!

వచ్చే ఏడాది నార్విచ్ కాసిల్ మ్యూజియానికి వెళ్దాం. ఈలోగా ఎవరైనా బీచ్‌కి వెళ్తే ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి, గట్టు కిందికి పిల్లల్ని పోనివ్వకండి, గట్టును గుచ్చకండి. చెక్కినట్టున్న రాయి కనబడితే పక్కన నాణెం పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తు రాసుకుని మ్యూజియం వాళ్ళకు చెప్పండి. యాత్రకు రాదలచినవాళ్ళు కమిటీకి పేర్లివ్వండి.

— కార్యదర్శి