పెదనాన్న చేత ఇప్పుడే చెప్పించు

బర్మింగ్‌హామ్

అన్నయ్యకి,

పెదనాన్న బయాప్సీ రిపోర్టు చూశాను. కణాలు ఏ రకానివో గుర్తుపట్టే పరీక్షల్లో కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 రెండూ పాజిటివ్, టీటీఎఫ్1 నెగటివ్. డాక్టరు రాసింది సరైనదే. ఇది ఊపిరితిత్తుల మీది పొరకి వచ్చే మీసోథీలియోమా, మామూలు లంగ్ క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందనగానే మన దగ్గర ముందు టీబీ మందులు మొదలుపెడతారు. తీసిన నీటిలో ఈ కణాలు చాలాసార్లు దొరకవు, ముక్క తీసి చూస్తేనే తేలుతుంది. ఆ ముక్కని మైనంలో పెట్టి దాచే పారఫిన్ బ్లాకులు పారెయ్యొద్దని ల్యాబుకి ఉత్తరం రాసి ఇవ్వు. ఇక్కడి డాక్టరు మళ్లీ పరీక్షించాలంటే అవే ఆధారం.

ఆస్‌బెస్టాస్ పీల్చాక ఈ జబ్బు బయటపడటానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. 1969 నుంచి 1977 దాకా ఆయన ఇక్కడి పవర్ స్టేషన్లలో చేసిన ఫిట్టర్ పని ఆ లెక్కలోకే వస్తుంది. దుమ్ము పీల్చింది ఇంగ్లండ్‌లో కాబట్టి, ఆయన ఇండియాలో ఉన్నా దావా ఇక్కడ వేయొచ్చు. జబ్బు ఇదీ అని తెలిసిన రోజు నుంచి మూడేళ్లు గడువు. అయితే ఆ మూడేళ్లని నమ్ముకోకు. కంపెనీ కాగితాలు ఎప్పుడో పోయి ఉంటాయి, తోటి ఫిట్టర్లలో ఎంతమంది మిగిలారో! కేసు నిలబడేది పెదనాన్న మాట మీదే.

అందుకే ఈ వారమే మొదలుపెట్టు. పూటకి అరగంట చాలు, ఆయాసం వస్తే ఆపెయ్యి. "ఆస్‌బెస్టాస్ దగ్గర పనిచేశాను" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఏ స్టేషను, ఏ ఏడు, బాయిలర్ హౌసా టర్బైన్ హాలా, ఫోర్‌మన్ ఎవరు? కారే వాల్వు విప్పాలంటే ముందు పైపు మీది లాగింగ్, అంటే వేడి పోకుండా వేసిన ఆస్‌బెస్టాస్ పూత, సుత్తితో కొట్టి రాల్చాలి. అది ఎవరు రాల్చేవారు, వారానికి ఎన్నిసార్లు? కొత్త లాగింగ్‌కి పొడి బస్తా విప్పి డ్రమ్ములో పోసి నీళ్లు కలుపుతుంటే ఆయన ఎన్ని అడుగుల దూరంలో ఉండేవారు? దుమ్ము భుజాల మీద తెల్లగా పడేదా? కింద రాలింది తడిపి ఎత్తేవారా, పొడిగానే ఊడ్చేవారా? మాస్కు ఇచ్చారా? ప్రమాదమని ఎవరైనా చెప్పారా?

ఆయన ఎలా చెబితే అలాగే, తెలుగులోనే రాయి. సాక్షి వాంగ్మూలం వీలైనంతవరకు సొంత మాటల్లో, సొంత భాషలో ఉండాలని ఇక్కడి కోర్టు నియమం. అనువాదం తర్వాత జత చేస్తారు. గుర్తులేనిది గుర్తులేదనే రాయి. ఊహించి చెప్పిన ఒక్క సంవత్సరం రికార్డుకి తేడా వస్తే, నిజంగా గుర్తున్నవాటినీ అనుమానిస్తారు. సిగరెట్ల సంగతి కూడా దాచొద్దు. మీసోథీలియోమాకి పొగతాగడం కారణం కాదు కాబట్టి దాంతో కేసుకి నష్టం లేదు. లంగ్ క్యాన్సర్ అయితే మాత్రం పరిహారంలో కోత పడేది.

పాత ట్రంకుపెట్టెలో పేస్లిప్పులు, పీ45 కాగితాలు (ఉద్యోగం మానేసినప్పుడు ఇక్కడి యజమాని ఇచ్చేవి) వెతుకు. వాటి మీద నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఉంటుంది. అది ఉంటే ఏ ఏడాది ఎవరి దగ్గర పనిచేశారో ఇక్కడి పన్నుల శాఖ రికార్డు ఇస్తుంది. కంపెనీ మూతపడినా అప్పటి ఇన్సూరెన్స్ కంపెనీ మీద వెళ్లొచ్చు. యజమానులు పనివాళ్లకి బీమా చెయ్యడం 1972 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందువి వెతకడం కాస్త కష్టం. నలుగురు యజమానుల్లో ఒక్కరే దొరికినా, తప్పు వాళ్లదని రుజువైతే పరిహారం మొత్తం వాళ్లే కట్టాలి. మీసోథీలియోమాకి 2006 చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. ఎవరూ దొరకకపోతే 2014లో పెట్టిన ప్రభుత్వ పథకం ఉంది, దానికీ జబ్బు తేలాక మూడేళ్లే.

వదిన రాత్రిళ్లు లేచి కూర్చుంటోందని అన్నావు. ఆ గంటలు తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఇంటివాళ్లు చేసే సేవకీ ఇక్కడ కోర్టు విలువ కడుతుంది, చాలామంది అది తెలియక వదిలేసుకుంటారు. నీరు తీయించిన బిల్లులు, ఆటో ఖర్చులు, ఆక్సిజన్ రసీదులు ఏవీ పడెయ్యకు. ముందు డబ్బు కట్టమనే ఏజెంట్లని దగ్గరికి రానివ్వకు. గెలిస్తేనే ఫీజు తీసుకునే సొలిసిటర్లు, అంటే ఇక్కడి లాయర్లు, ఉన్నారు. పరిహారంలోంచి ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం.

ఇంకొకటి, పెదనాన్న వినేలా చదవకు. కేసు మధ్యలో ఆయనకి ఏదైనా అయితే హక్కు పోదు, వారసులు కొనసాగించొచ్చు. కానీ అప్పుడు కోర్టుకి ఆయన గొంతు వినిపించేది నువ్వు రాసి, సంతకం చేయించి పెట్టిన కాగితమే. అందుకే ఇంతగా చెబుతున్నాను.

రికార్డు తెప్పించడానికి అధికార పత్రం పంపుతున్నాను. నీలి గీత దగ్గర ఆయన సంతకం, కింద తేదీ. చెయ్యి వణుకుతుంటే ఉదయం పూట, మందు వేసుకున్నాక పెట్టించు.

నీ తమ్ముడు