కిరసనాయిలు వాసన వేసే వైన్

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో "కాన్‌బెర్రాలో పార్లమెంటు తప్ప ఏముందిరా" అన్నావు కదా, అప్పట్నుంచి నీకిది రాయాలని ఒకటే తొందర.

ఇక్కడ ఏటా ఓ అంతర్జాతీయ వైన్ పోటీ జరుగుతుంది. దానికి ఒకే ఒక్క రకం ద్రాక్షతో చేసిన వైన్‌లనే తీసుకుంటారు. ఆ ద్రాక్ష పేరు రీస్లింగ్. తెల్ల ద్రాక్ష, పుట్టిల్లు జర్మనీ. పోటీ అయ్యాక మామూలు జనానికి కూడా రుచి చూపిస్తారు. ఆఫీసులో ఓ పెద్దాయన పట్టుబట్టి నన్ను తీసుకెళ్ళాడు.

ముందు పోసింది కొత్త వైన్. దాదాపు నీళ్ళలా ఉంది, అంచున కాస్త ఆకుపచ్చ ఛాయ. నాలుక మీద పడగానే నిమ్మకాయ కొరికినట్టు పళ్ళు జివ్వుమన్నాయి. తర్వాత బాగా పాతది పోశారు. కరిగించిన ఆవునెయ్యి రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఒరేయ్, కిరసనాయిలు! మీ అమ్మమ్మగారింట్లో వత్తుల స్టవ్వు ఆర్పినప్పుడు వచ్చేదే, గుర్తుందా? పాడైపోయిందనుకున్నాను. కాదట. ఎండ బాగా తగిలిన కాయల్లో టీడీఎన్ అనే పదార్థానికి మూలం తయారవుతుంది, సీసాలో ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వాసన పైకొస్తుంది. కొందరికి అది గిట్టదు. నాకు మాత్రం ఆ వాసన వెనకాల తేనె, కాల్చిన రొట్టె కూడా తగిలాయి. ఆ గ్లాసు కింద పెట్టబుద్ధి కాలేదు.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఈ ద్రాక్ష పేరు గురించి. నూజివీడు రసాలని బోర్డు పెట్టి ఏ కాయ పడితే ఆ కాయ అమ్మితే మీ నాన్నగారు ఊరుకుంటారా? ఆస్ట్రేలియాలో రీస్లింగ్‌కి సరిగ్గా అదే జరిగింది. హంటర్ వ్యాలీలో 'హంటర్ రివర్ రీస్లింగ్' అని అమ్మింది నిజానికి సెమియోన్ అనే వేరే ద్రాక్ష. క్లేర్ వ్యాలీలో 'క్లేర్ రీస్లింగ్' అని పెంచింది క్రూషెన్. చివరికి అట్టపెట్టెల్లో వచ్చే చవక తెల్ల వైన్ మీద కూడా రీస్లింగ్ అనే రాసేవాళ్ళు. అసలు రీస్లింగ్‌ని 'రైన్ రీస్లింగ్' అని విడిగా పిలుచుకోవాల్సి వచ్చింది. సొంత పేరుకే తోక తగిలించుకోవాల్సిన గతి పట్టిందన్నమాట! పైగా 1990ల మొదట్లో షార్డొనే అనే ఇంకో తెల్ల ద్రాక్ష గాలి వీచి, అప్పటిదాకా ఇక్కడ తెల్ల ద్రాక్షల్లో ముందున్న రీస్లింగ్ వెనకబడిపోయింది.

అలాంటి రోజుల్లో కెన్ హెల్మ్ అనే ఆయన ఈ పేరు కోసం గట్టిగా నిలబడ్డాడు. కాన్‌బెర్రాకి ఉత్తరాన మరంబేట్‌మన్ అనే ఊళ్ళో ఆయన పెట్టిన ద్రాక్షతోట, 1973 నాటిది. పగలు ఎండ, రాత్రి చలి ఉండటంతో కాయలో పులుపు నిలుస్తుంది, రీస్లింగ్‌కి కావలసింది అదే. 2000లో ఆయనే ఈ పోటీని మొదలుపెట్టాడు. జర్మనీ, న్యూజిలాండ్ లాంటి దేశాల నుంచి కూడా సీసాలు వస్తాయి.

ఒకే రకంతో పోటీ ఏమిటని నేనూ అడిగాను. పెద్దాయన పక్కపక్కనే రెండు గ్లాసులు పెట్టాడు. ద్రాక్ష ఒకటే కాబట్టి తేడా అంతా నేలది, వాతావరణానిది, చేసిన చేతిది. జడ్జీల ముందుకి గ్లాసులు అంకెలతోనే వస్తాయి, సీసా కనపడదు. రోజంతా రుచి చూసి ఉమ్మేస్తూనే ఉండాలి. అంత పులుపుతో సాయంత్రానికి నోరు ఏమవుతుందో ఆలోచించు!

ఇంకోటి. పోటీ మొదలైన 2000లోనే క్లేర్ వ్యాలీలో వైన్ చేసేవాళ్ళు కొందరు కలిసి, ఆ ఏటి రీస్లింగ్‌కి బెరడు బిరడా తీసేసి మర మూత, అంటే తిప్పి తీసే మూత, పెట్టారు. బిరడా వల్ల ఒక్కోసారి వైన్‌కి తడి అట్ట వాసన పడుతుంది. సున్నితమైన రీస్లింగ్‌లో అది ఇట్టే తెలిసిపోతుంది. మర మూత అంటే చవక సరుకని జనం అనుకునే రోజుల్లో అలా చేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

ఈ ద్రాక్ష ఎంత పాతదో తెలుసా? జర్మనీలో రసెల్స్‌హైమ్ అనే ఊళ్ళో, 1435 మార్చి 13 నాటి లెక్కల్లో రీస్లింగ్ మొక్కలకి 22 షిల్లింగులు ఇచ్చినట్టు రాసి ఉంది. దొరికినంతలో ఆ పేరు మొదట కనపడేది అక్కడే. దాదాపు ఆరువందల ఏళ్ళ పేరురా అది. దాని కోసం ఒక మనిషి పోటీ పెట్టాడంటే నాకు సబబే అనిపించింది.

డిసెంబర్‌లో వస్తానన్నావు, టికెట్లు తీశాక తేదీ చెప్పు. మరంబేట్‌మన్ తీసుకెళ్తాను. అప్పటికి కాయలు బఠాణీ గింజలంత ఉంటాయి, కోతలు మార్చి ప్రాంతంలోనే. నాన్నగారిని కూడా తీసుకురా. తోట చూసి ఆయన ఏమంటారో వినాలనుంది.

నీ,
బావ