నమాజ్ అంటే వ్యాయామం కాదండీ

ఎడిటర్ గారికి,

నమాజ్ గురించి ఎప్పుడు రాసినా మోకాళ్లకు మంచిది, నడుముకు మంచిది అనే రాస్తుంటారు. మంచిదే కావచ్చు గానీ, మేం చదివేది అందుకు కాదు. ఐదు పూటలా కలిపి 17 రకాతుల ఫర్జ్ (తప్పనిసరి) నమాజ్ (నిలబడడం, వంగడం, సజ్దా చేయడం కలిపి ఒక రకాతు), రకాతుకు రెండేసి సజ్దాలు (సాష్టాంగాలు), అంటే రోజుకు కనీసం 34 సార్లు నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, కాలివేళ్లు నేలకు ఆనించి, గుండె కన్నా కిందికి తల దించి, 'అత్యున్నతుడైన నా ప్రభువు పరిశుద్ధుడు' అని మెల్లగా అనుకుంటాం. అంత కిందికి వంగి ఆ మాట అనడంలోనే ఉంది అసలు సంగతి.

నమాజ్‌కు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వజూ కూడా ఒట్టి శుభ్రత కాదు. నీళ్లు దొరక్కపోతే శుభ్రమైన మట్టి మీద చేతులు తట్టి ముఖం, చేతులు తుడుచుకుంటే చాలు, దాన్నే తయమ్ముమ్ అంటారు. మట్టితో మురికి పోతుందా ఏంటి!

ప్రతిసారీ మనసు నిలుస్తుందని మాత్రం చెప్పను. ఆఫీసు టెన్షన్‌తోనే నిలబడి, ఇది మూడో రకాతా నాలుగోదా అని తికమకపడి, మూడే అనుకుని ఇంకోటి చదివి, చివర్లో సహూ సజ్దాలు (మరుపుకు సరిదిద్దుగా చేసే సజ్దాలు) రెండు చేసిన రోజులు బోలెడు. మరుపుకు కూడా ఓ దారి పెట్టారు చూడండి, నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చేది అదే.

ఈసారి మోకాళ్ల సంగతి కాస్త తగ్గించి ఇదీ రాయండి.

– ఓ పాఠకుడు