సీటు ఎక్కకుండానే మార్కులా?

సంపాదకుల వారికి,

గత వారం మీ వ్యవసాయ అనుబంధంలో వచ్చిన కొత్త ట్రాక్టర్ సమీక్ష గురించి ఈ ఉత్తరం. పోనీలే అని ఊరుకుందామనుకున్నాను. కానీ కనబడ్డవాళ్లంతా 'డ్రైవర్ కూర్చునే క్యాబ్‌కి పదికి తొమ్మిదిన్నర ఇచ్చారట' అని నాకే చెబుతుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు. టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలో రాశారు. బానెట్ మీద గీతలు చిరుతపులిని తలపిస్తున్నాయన్నారు. నీళ్లసీసా పెట్టుకునే చోటును కూడా మెచ్చుకున్నారు. సీటు గురించి మాత్రం ఒక్క ముక్క: 'సౌకర్యంగా ఉంది'. ఆపి ఉంచిన బండిలో ఏ సీటు సౌకర్యంగా ఉండదు చెప్పండి!

చాలా ట్రాక్టర్లకు వెనక ఇరుసు దగ్గర సస్పెన్షన్ ఉండదు. దుక్కిలో మట్టిగడ్డల మీద పడే ప్రతి దెబ్బనీ టైర్లలో గాలి కొంత, సీటు కింద స్ప్రింగు కొంత మింగితే, మిగిలిందంతా తోలేవాడి నడుముదే. యూరోపియన్ యూనియన్ 2002లోనే దీనికి లెక్క కట్టింది. 8 గంటల పనిదినానికి ఒంటికి తగిలే కుదుపు త్వరణం సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని ఏదో ఒకటి చేసి తగ్గించాలి, 1.15 మాత్రం దాటనే కూడదు. సమీక్ష రాసిన పెద్దమనిషి ఈ ఒక్క అంకె కొలిచి వేసి ఉంటే చిరుతపులిని క్షమించేవాణ్ణి. స్ప్రింగును డ్రైవర్ బరువుకు తగ్గట్టు బిగించుకునే మర ఉందో లేదో కూడా రాయలేదు. బక్కపల్చటివాడికీ భారీ మనిషికీ ఒకే బిగువు పెడితే ఒకడు ఎగిరెగిరి పడతాడు, ఇంకొకడికి సీటు అడుగంటి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. ట్రాక్టర్ ముందుకు తోలుతాం, చూసేది వెనక్కి. ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద, కుడి చెయ్యి హైడ్రాలిక్ లివరు మీద, మెడ వెనక మట్టిని తిరగేసే రోటావేటర్ వైపు. రోజంతా ఇంతే. కాబట్టి క్యాబ్ బాగుందా లేదా అన్నది వెనక అద్దంలోంచి తేలాలి. వెనక స్తంభం సరిగ్గా పనిముట్టు అంచుకు అడ్డమొస్తే సాలుసాలుకీ సీట్లోంచి సగం లేచి తొంగిచూడాలి. సీటు కాస్త పక్కకు తిరుగుతుందా? మీ సమీక్షలో వెనక వైపు ఫొటో ఒక్కటీ లేదు. లోపలి ఫొటోలో మాత్రం లివర్లన్నీ నల్లగా, ఒకే పోలికతో ఉన్నాయి. ఇంజిన్ ఆపేదానికి ఎరుపు, బండిని కదిలించేవాటికి నారింజ, ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్టుకు అందించే పీటీవోకు పసుపు, మిగతావాటికి నలుపు అని ఇంజినీర్లు ఏనాడో నియమం పెట్టుకున్నారు. అలంకారం కోసం కాదది. పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. చొక్కా చెయ్యి అందులో పడ్డాక ఏ లివరో వెతుక్కునే టైమ్ ఎవరికుంటుంది?

అన్నిటికంటే ఒళ్లు మండించిన వాక్యం వేరే ఉంది. 'ఏసీ క్యాబ్ కాబట్టి పురుగుమందు కొట్టేటప్పుడు డ్రైవర్‌కు పూర్తి రక్షణ' అట. ఏసీ చల్లబరుస్తుందంతే. విషాన్ని ఆపాల్సింది ఫిల్టరు, లోపలికి గాలి తోసే ఒత్తిడి. యూరప్ ప్రమాణంలో క్యాబ్‌లు నాలుగు తరగతులు. రెండోది దుమ్మును మాత్రమే ఆపుతుంది, మూడోది మందు తుంపరలను కూడా ఆపుతుంది, ఆవిరిని సైతం ఆపేది నాలుగోదొక్కటే. ఈ బండి ఏ తరగతో మీకు తెలుసా? తెలియకుండానే 'పూర్తి' అన్న మాట ఎలా వేశారు?

మీ ఒక్కరినే అని ఏం లాభం లెండి. ప్రదర్శనలకు వచ్చే అధికారులూ అంతే. సీటెక్కి, స్టీరింగ్ పట్టుకుని, ఫొటో దిగి, దిగిపోతారు. కంపెనీల గొప్పలు నమ్మలేకే 1920 నుంచి అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రాక్టర్లను పరీక్షించి ఫలితాలు బయటపెడుతున్నారు. బండి బోల్తా పడితే డ్రైవర్ నలిగిపోకుండా కొత్త ట్రాక్టర్లన్నిటికీ రక్షణ చట్రం ఉండాల్సిందేనని స్వీడన్ 1959లోనే చట్టం చేసింది. ఇన్నేళ్ల తర్వాత మనం కంపెనీ కరపత్రాన్నే సమీక్ష అని చదువుకుంటున్నాం! కొనేది ఒకరు, తోలేది ఇంకొకరు కావడంతో కొనేవాడికి నచ్చే రంగులే పేపర్లోకి ఎక్కుతున్నాయి. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పట్టేసినవాణ్ణి అడిగేవాడే లేడు.

ఈసారి సమీక్షకు పనిముట్టు తగిలించి, దుక్కిలో దింపి, పొద్దుగూకేదాకా మీ ప్రతినిధినే తోలమనండి. చెవి దగ్గర శబ్దం కూడా కొలవండి, అదీ పని నడుస్తుండగా, వెనక అద్దం తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చనుకుంటే, 88కి చేరితే నాలుగే గంటలు. ఇదంతా తర్వాత సంగతి. ముందు ఆ పురుగుమందు వాక్యానికి సవరణ వేయండి. ఏ మూలనో చిన్న అక్షరాల్లో కాదు, సమీక్ష వేసిన పేజీలోనే. మందు కొట్టే రోజులు ఎంతో దూరం లేవు.

ఇట్లు,
ఒక ట్రాక్టర్ డ్రైవర్