ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టేవాళ్లకు: ఈ నెల నుంచి మా కొటేషన్ ఇలా ఉంటుంది

బరంపురం ఊళ్లోవాళ్లకూ, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి నుంచి బస్సెక్కి మా అక్వేరియం షాపుకు వచ్చేవాళ్లకూ నమస్కారం. రీఫ్ ట్యాంకుల (పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకుల) ఫిల్టర్ సామాను అమ్మే పద్ధతి కొంచెం మారుస్తున్నాం. ఏం మారుస్తున్నామో చెప్పి ఊరుకుంటే షాపువాడికి ఇందులో ఏదో మిగులుతోంది అనుకుంటారు. కాబట్టి ఎందుకో కూడా చెప్తాను. ఎక్కడ మిగులుతుందో కూడా చెప్తాను.

ఇన్నాళ్లూ కొటేషన్ అంటే ఒక కాగితం, అడుగున ఒక మొత్తం. ఇకపై దాని వెనకాల రెండో కాగితం ఉంటుంది. నెలకు కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతుంది, ఉప్పు ఎంత పడుతుంది, ఏడాదిలో ఏ కార్ట్‌రిడ్జి ఎన్నిసార్లు మార్చాలి, అన్నీ అందులో రాసిస్తాం. రీఫ్ ట్యాంకు మధ్యలో ఎత్తేసినవాళ్లలో చేపలు చచ్చి ఎత్తేసినవాళ్లు తక్కువ. నెలనెలా ఖర్చు తడిసి మోపెడై విసుగుపుట్టినవాళ్లే ఎక్కువ.

ఒక లెక్క చూడండి. మా దగ్గర ఎక్కువగా పోయే సైజు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. సుమారు 190 లీటర్లు. సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి) నుంచి నీళ్లు పైకి తోసే రిటర్న్ పంపు 40 వాట్లు, స్కిమ్మర్ (నురగతో చెత్త తీసే పరికరం) పంపు 15, ట్యాంకులో నీళ్లు కదిలించే రెండు వేవ్‌మేకర్లు కలిపి 20 అనుకుందాం. ఇవి రాత్రీ పగలూ తిరగాల్సినవి. నెలకు 54 యూనిట్లు. 100 వాట్ల లైటు రోజుకు ఎనిమిది గంటలంటే ఇంకో 24. వేసవిలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ 200 వాట్లతో రోజుకు పది గంటలు నడిస్తే మరో 60. అంతా కలిపి 138 యూనిట్లు, మామూలు ఇంటి వాడకం మీద అదనంగా. మీ స్లాబ్ ప్రకారం అది ఎంతవుతుందో మీ బిల్లు చూసి మీరే వేసుకోండి. ఇంట్లో అందరితోనూ ఒకసారి మాట్లాడి రండి. బిల్లు కట్టేది మీ నాన్నగారైతే మరీను.

ఇక అందరూ అడిగే మాట. "అన్నయ్యా, గోపాలపూర్ పక్కనే ఉంది కదా, ఉప్పు ప్యాకెట్లు కొనడమెందుకు? రెండు క్యాన్లు నింపుకుని వచ్చేస్తే సరిపోదా?" సరిపోదు. రీఫ్‌కు కావాల్సిన ఉప్పదనం 35 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 35 గ్రాములు. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిపోసే మంచినీళ్లతో బంగాళాఖాతం ఉత్తరపు పైనీళ్లు బాగా పలచబడతాయి. మన రుషికుల్య కూడా ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున ముంచిన నీళ్లలో బురద, మురుగు వేరే. పగడపు దిబ్బలు అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో ఉన్నాయి గానీ మన తీరంలో లేవు. మన ఒడ్డు నీళ్లు వాటికి నప్పేవి కావు. నమ్మకం కుదరకపోతే ఒక గ్లాసుడు నీళ్లు పట్టుకురండి. ఉప్పదనం కొలిచే మా రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి, అద్దంలో గీత ఎక్కడ ఆగిందో మీ కళ్లతోనే చూపిస్తాను. దానికి డబ్బులు తీసుకోను.

కాబట్టి మొదటి ఖర్చు నీళ్ల మీదే. బోరు నీళ్లయినా మున్సిపాలిటీ నీళ్లయినా ఆర్‌ఓ ఫిల్టర్, ఆ తర్వాత మిగిలిన లవణాలు లాగేసే డీఐ రెజిన్ దాటి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) సున్నా చూపించాలి. అప్పుడే అందులో సాల్ట్ మిక్స్ కలపాలి. వంటింటి ఆర్‌ఓ చాలదు. అది తాగేవాళ్ల రుచి కోసం కొంత టీడీఎస్ ఉంచుతుంది. వారానికి 20 లీటర్లు మార్చేవాళ్లకు ముప్పావు కిలో ఉప్పు పడుతుంది, ఏడాదికి 39 కిలోలు. మొదటిసారి ట్యాంకు నింపడానికి ఏడెనిమిది కిలోలు వేరే. ఆవిరైన నీళ్ల చోట మాత్రం ఉత్త ఆర్‌ఓడీఐ నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరు, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. ఆర్‌ఓడీఐ యూనిట్ కొనలేనివాళ్ల కోసం ఈ నెల నుంచి షాపులోనే 20 లీటర్ల క్యాన్లు నింపి ఇస్తాం. క్యాన్ మీరే తెచ్చుకోండి. ఫినాయిలు పోసిన క్యాన్ మాత్రం తేకండి, దయచేసి.

రెండో మార్పు: ఉప్పునీళ్ల సెట్టుతో క్యానిస్టర్ ఫిల్టర్ (మూతపెట్టిన డబ్బాలో స్పాంజి ఉండే ఫిల్టర్) ఇక ఇవ్వం. మంచినీళ్ల ట్యాంకులకు అది బంగారంలాంటి వస్తువే, దానికి అమ్ముతూనే ఉంటాం. రీఫ్‌లో దాని స్పాంజిలో చెత్త కూరుకుని నైట్రేట్ (వ్యర్థాలు కుళ్లితే చివరికి మిగిలేది) పెరుగుతూ పోతుంది. అంతకన్నా భయం కరెంటు కోత. మూతపెట్టిన డబ్బాలో నీళ్లు కదలకుండా గంటల తరబడి ఉంటే ఆక్సిజన్ అయిపోయి లోపలి బ్యాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి వచ్చిపడతాయి. పాత సెట్లు ఉన్నవాళ్లు టెన్షన్ పడొద్దు. వాషర్లు, ఇంపెల్లర్లు (పంపు లోపల తిరిగే చక్రాలు) మా దగ్గర ఉంటాయి. కోత రెండు మూడు గంటలు దాటితే మాత్రం తిరిగి ఆన్ చేసే ముందు డబ్బా విప్పి ఆ నీళ్లు పారబోయండి.

క్యానిస్టర్ బదులు సంప్, స్కిమ్మర్. చేపల మేతలోంచి, వ్యర్థాల్లోంచి నీళ్లలో కలిసే ప్రోటీన్లు, కొవ్వులు సన్నటి గాలిబుడగ అంచుకు అంటుకుంటాయి. ఆ బుడగలు నురగగా మెడ గుండా ఎక్కి కప్పులో పడతాయి. కుళ్లి అమ్మోనియాగా మారకముందే చెత్త నీళ్లలోంచి బయటికి పోతుందన్నమాట. బాగా కుదిరిన స్కిమ్మర్ కప్పులో చిక్కటి డికాషన్ రంగు నీళ్లు, మెడ లోపల గోధుమరంగు జిడ్డు కనిపిస్తాయి. వాసన గురించి చెప్పను, మీకే తెలుస్తుంది. ఆ జిడ్డు తుడవకపోతే నురగ పైకి ఎక్కదు. వారానికి రెండుసార్లు తుడిస్తే చాలు.

కొత్త స్కిమ్మర్ పెట్టిన మూడో రోజే "పనిచేయట్లేదు, వెనక్కి తీసుకోండి" అని ఫోన్లు వస్తుంటాయి. ప్లాస్టిక్ మీది నూనె వదిలి స్కిమ్మర్ కుదురుకోవడానికి వారం, పది రోజులు పట్టొచ్చు. ఈలోగా నీటిమట్టం, స్క్రూలు గంటకోసారి మార్చకండి. పెట్టె మీద రాసిన లీటర్లు కూడా పట్టుకుని కూర్చోకండి. చేపలు కాస్త ఎక్కువే పెంచే ఉద్దేశం ఉంటే 190 లీటర్లకు 300, 350 లీటర్లు రాసినది తీసుకోండి. వెయ్యి లీటర్లది వద్దు. నురగ నిలబడటానికి సరిపడా చెత్తే దానికి దొరకదు. విడిభాగాలు దొరకని రకాలు కూడా ఇక తెప్పించం. ఇంపెల్లర్ విరిగితే మొత్తం స్కిమ్మర్ మార్చుకోమని చెప్పాల్సి రావడం నాకు నచ్చట్లేదు. అందుకే రెండే రకాలు ఉంచుతున్నాం, రెండింటికీ స్పేర్లు షెల్ఫులో ఉంటాయి.

సంప్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఇళ్లలో నేల తడిసేది అక్కడే. రిటర్న్ పంపు ఆగిన వెంటనే పై ట్యాంకులో ఓవర్‌ఫ్లో అంచు మీదున్న నీళ్లన్నీ కిందికి దిగుతాయి. మూడడుగుల ట్యాంకులో అంగుళం నీళ్లంటే పదిన్నర లీటర్లు. అంగుళంన్నర దిగితే 16 లీటర్లు. కింద రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు సంప్ ఉంటే అందులో నీళ్లు దాదాపు మూడున్నర అంగుళాలు పెరుగుతాయి. పైపుల్లో నిలిచిన నీళ్లు దీనికి అదనం. అందుకే సంప్‌లో పైన ఐదంగుళాలు ఖాళీ వదలమంటాను. ట్యాంకు బిగించిన రోజే, మా కుర్రాడు అక్కడున్నప్పుడే, మెయిన్ ఆపించి నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగుతాయో చూడండి. అక్కడ మార్కర్‌తో గీత గీయించుకోండి. మామూలుగా పంపు నడిచేటప్పుడు ఏ మట్టం దాటి నింపకూడదో చెప్పే గీత ఇంకోటి గీయించుకోండి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు ఎన్నాళ్లు లేదో ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. అలాంటప్పుడు స్కిమ్మర్, లైటు గురించి ఆలోచించక్కర్లేదు. నీళ్లు కదలాలి, గాలి అందాలి, అంతే. బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు ఒకటి, ఇన్వర్టర్ మీద ఒక వేవ్‌మేకర్ ఉంటే చేపలు చాలావరకు నిలబడతాయి. ఆ రోజుల్లో మేత వేయకండి.

చిల్లర్ వద్దనేవాళ్లు చాలామంది. ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది కదా అంటారు. ఫ్యాను చల్లబరిచేది నీళ్లను ఆవిరి చేసి. మన దగ్గర మే, జూన్ ఉక్కలో ఆవిరవడమే తక్కువ. రీఫ్ నీళ్లు 25, 26 డిగ్రీల్లో ఉండాలి. రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపేసే గదిలో ఆ ఎక్కుదిగుళ్లే పగడాలకు కష్టం. చిల్లర్ కొంటే దాన్ని స్టాండు లోపల పెట్టి తలుపు మూయకండి. అది వదిలే వేడి మళ్లీ నీళ్లకే ఎక్కుతుంది.

లైవ్ రాక్ (సముద్రంలోంచి తీసిన, జీవాలున్న రాయి), రాతి పగడాలు తెప్పించమని అడగొద్దు. రీఫ్ కట్టే గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్ అది. మా దగ్గర సిరామిక్ రాళ్లు, బిల్లుతో వచ్చిన మష్రూమ్, జోయాంతిడ్ లాంటి మెత్తటి పగడాలు మాత్రమే ఉంటాయి. దీనివల్ల మీకో మేలు కూడా ఉంది. గట్టి అస్థిపంజరం కట్టుకోని వీటికి నీళ్లలో కాల్షియం కలిపే కాల్షియం రియాక్టర్ అక్కర్లేదు, వారం వారం నీళ్లు మారిస్తే చాలు. నీళ్లు శుద్ధి చేసే యూవీ, ఓజోన్, మీడియా రియాక్టర్ పరికరాలు కూడా మొదటి ఏడాది వద్దు. జాలీ సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ వేసి నెలకోసారి మార్చండి.

గాజు, స్టాండు, లైటు కాక చేతిలో లక్ష ఉందనుకోండి. నేనైతే పాతిక, ముప్పై వేల మధ్య చిల్లర్‌కు పక్కన పెడతాను. స్కిమ్మర్‌కు 18 వేల దాకా, ఆర్‌ఓడీఐ, టీడీఎస్ పెన్ను, రిఫ్రాక్టోమీటర్ కలిపి 12, పంపులు, వేవ్‌మేకర్లకు 14, బ్యాటరీ బ్యాకప్‌కు 10. మిగిలింది ఏడాది ఉప్పుకు. డబ్బు చాలకపోతే ట్యాంకు చిన్నది చేసుకోండి, ఆర్‌ఓడీఐ మాత్రం తీసేయకండి. అక్టోబరు, నవంబరులో మొదలుపెడితే చిల్లర్ మార్చిలో కొనుక్కోవచ్చు, దానికి ఏ అభ్యంతరమూ లేదు.

మిగులు సంగతి చెప్తానన్నాను. పంపులు, చిల్లర్ల మీద నాకు బాగానే మిగులుతుంది. ఉప్పు మీద చాలా తక్కువ, అది బయటి దేశం సరుకు, డాలరు కదిలినప్పుడల్లా రేటు మారుతుంది. అందుకే ఉప్పు అప్పు ఇవ్వలేను, మిగతావాటికి రెండు వాయిదాలు ఇస్తాను.

కొటేషన్ కోసం వచ్చేటప్పుడు స్టాండు లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకుని రండి. తలుపు తెరిస్తే ఎంత సందు వస్తుందో అది కూడా రాసుకోండి, స్కిమ్మర్ కప్పు పైకి లాగి తీయడానికి చోటు కావాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఉంటుంది.